మార్కుల మెమో వెనుక ఏముంది? – నర్సింగ్ చదువులో భావనా పటాలు



మన సర్వసభ్య సమావేశంలో ప్రతి ఏడాదీ ఎవరో ఒక పెద్దమనిషి లేచి అడుగుతారు: "మన డబ్బుతో నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు ఎలా చదువుతున్నారు?" కార్యదర్శి గారు ఫైలు తీసి మార్కులు చదువుతారు. ఎవరు పాసయ్యారు, ఎవరికి ఎంత శాతం వచ్చింది, ఎవరికి ఏ సబ్జెక్టు మిగిలింది. అంతటితో ఆ అంశం ముగుస్తుంది. కాలేజీ నుంచి మనకు వచ్చే కాగితం అదొక్కటే గనుక అంతకు మించి చెప్పడానికీ ఉండదు. కానీ అడిగిన పెద్దమనిషి మనసులో ఇంకో ప్రశ్న ఉంటుందని మా నమ్మకం. "రేపు మా అమ్మ ఆస్పత్రిలో ఉంటే, ఈ అమ్మాయి చేతిలో పెట్టి నేను నిశ్చింతగా ఇంటికి రావచ్చా?" అన్నదే ఆ ప్రశ్న. జకాత్ సొమ్మైనా, సదకా సొమ్మైనా మన దగ్గర అమానత్. అది ఎక్కడికి చేరిందో అడిగే హక్కు ఇచ్చినవారికి ఉంది.

ఆ రెండో ప్రశ్నకు కొంత దగ్గరగా వెళ్లే మూల్యాంకన పద్ధతి ఒకటి ఉంది. ఇంగ్లీషులో కాన్సెప్ట్ మ్యాప్ అంటారు. మన బి.ఎడ్. తరగతుల్లో భావనా పటం అంటాం. మేము బడి పంతుళ్లం, నర్సులం కాము. జీవశాస్త్రం చెప్పేవాళ్లు ఇద్దరు, తెలుగు చెప్పేవారు ఒకరు, రిటైరైన నర్సింగ్ ట్యూటర్ ఆపా ఒకరు కలిసి ఆదివారాలు మన స్కాలర్‌షిప్ అమ్మాయిలకు పాఠాలు చెబుతున్నాం. ఈ వ్యాసంలో వైద్యానికి సంబంధించిన ప్రతి మాటనూ ఆపా చదివి సరే అన్నాకే సావనీరుకు ఇస్తున్నాం.

రెండు ఊళ్లు తెలుసు, దారి తెలియదు

మన అమ్మాయిల్లో ఎక్కువమంది ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో పదో తరగతి వరకు చదివినవాళ్లు. జి.ఎన్.ఎం. అయితే మూడేళ్లు, బి.ఎస్సీ. నర్సింగ్ అయితే నాలుగేళ్లు. పుస్తకాలన్నీ ఇంగ్లీషే. మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ మీద పడతాయి. నిన్నటిదాకా "రక్తప్రసరణ" అనో, "దౌరాన్-ఎ-ఖూన్" అనో చదువుకున్న పిల్లకు ఒక్కసారిగా అన్నీ కొత్త పేర్లే. భయం వేస్తుంది. భయం వేసిన పిల్ల చేసే మొదటి పని బట్టీ పట్టడం. జ్ఞాపకశక్తికి మన పిల్లల్లో కొదువ లేదు. హాఫిజ్‌లు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి పాసవుతారు, మంచి మార్కులతోనే పాసవుతారు.

ఆదివారం తరగతిలో ఆపా ఒకసారి రెండో సంవత్సరం పిల్లల్ని ఇలా అడిగారు. "పొద్దున ఏడున్నరకు పేషెంటుకు ఇన్సులిన్ వేశావు. ఆ రోజు టిఫిన్ ఆలస్యమైంది. తొమ్మిదింటికి పేషెంటుకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. ఏం జరుగుతోంది?" ఎనిమిది మందిలో ఇద్దరే చెప్పగలిగారు. ఒకమ్మాయి "జ్వరం తగ్గుతోంది మేడమ్" అంది. ఆ అమ్మాయి నోట్సు తెరిచి చూస్తే ఇన్సులిన్ వేశాక ఎంతసేపటికి ఆహారం ఇవ్వాలో ఒక పేజీలో రాసి ఉంది. రక్తంలో చక్కెర పడిపోతే చెమట, వణుకు, గుండె దడ వస్తాయని ఇంకెక్కడో రాసి ఉంది. పరీక్షలో ఏ పేజీ అడిగినా పొల్లుపోకుండా రాస్తుంది. రెండు ఊళ్లూ ఆమెకు తెలుసు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దారి తెలియదు. "డయాబెటిస్ లక్షణాలు రాయుము" అనే ప్రశ్న ఊళ్ల పేర్లే అడుగుతుంది. వార్డులో మాత్రం దారులతోనే పని.

ఈ దారులను కాగితం మీద గీయించి చూడటమే భావనా పటం.

నొవాక్ గారి పటం

1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నొవాక్, ఆయన సహచరులు చిన్నపిల్లలకు సైన్సు ఎలా అర్థమవుతోందో ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకున్నారు. పిల్లలతో మాట్లాడిన మాటలన్నీ రాసుకుంటే కాగితాలు గుట్టలయ్యాయి. వాటిలోంచి ఈ పిల్లవాడి అవగాహన ఎక్కడ మారిందో పట్టుకోవడం కష్టమైంది. అప్పుడు పిల్లవాడు చెప్పినదాన్ని పటంగా గీసి చూడటం మొదలుపెట్టారు. దీని వెనుక ఉన్న సిద్ధాంతం డేవిడ్ ఆసుబెల్‌ది. బి.ఎడ్. చదివినవారందరికీ ఆయన పేరు తెలిసే ఉంటుంది. కొత్తగా నేర్చుకున్నది అప్పటికే తెలిసిన దానికి తగులుకుంటేనే నిలుస్తుందనీ, తగులుకోని చదువు బట్టీ చదువనీ ఆయన సిద్ధాంత సారం. నొవాక్, గోవిన్ కలిసి 1984లో "లెర్నింగ్ హౌ టు లెర్న్" అనే పుస్తకంలో పటం గీసే తీరు, దానికి మార్కులు వేసే తీరు వివరించారు. అక్కడి నుంచి ఈ పద్ధతి నర్సింగ్ కాలేజీలకు పాకింది.

పటం గీయడం చాలా తేలిక. ఒక్కో భావనను ఒక్కో గడిలో రాస్తారు. విస్తృతమైన భావన పైన, దాని కిందికి వచ్చేవి కింద. రెండు గడుల మధ్య గీత గీసి, ఆ గీత మీద ఒక మాట రాస్తారు. అసలు కీలకమంతా ఆ మాటలోనే ఉంది. ఇప్పుడు మన బడుల్లో కూడా చేయిస్తున్న మైండ్ మ్యాప్‌కూ దీనికీ తేడా ఇదే. మైండ్ మ్యాప్‌లో గీతలు మూగవి. "డయాబెటిస్" నుంచి "పాదం"కి గీత ఉంటుంది గానీ, ఎందుకుందో పిల్ల చెప్పక్కర్లేదు. భావనా పటంలో గీత మాట్లాడాలి. గడి, గీత మీది మాట, రెండో గడి మూడూ కలిపి చదివితే ఒక పూర్తి వాక్యం రావాలి. దాన్ని ప్రతిపాదన అంటారు. అది నిజమా కాదా అన్నది టీచరు తేల్చవచ్చు.

ఇక్కడ మా తెలుగు మాస్టారు పట్టుకున్న సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు పటంలో గీతల మీద ఎక్కువగా క్రియలు ఉంటాయి. మన పిల్లలు తెలుగులో గీస్తే గీతల మీదికి విభక్తులూ, "వల్ల", "అయితే", "లేకపోతే", "అయినా" లాంటి మాటలూ వచ్చి కూర్చుంటాయి. ఉర్దూలో గీసే పిల్ల "కీ వజహ్ సే", "తో" అని రాస్తుంది. మాస్టారు నవ్వి "ఇన్నాళ్లూ విభక్తులు ఎందుకండీ అని పిల్లలు విసుక్కునేవారు. ఇదిగో, ప్రాణం నిలబెట్టడానికి!" అన్నారు. హాస్యానికి అన్నా మాట నిజమే. "ఇన్సులిన్ వల్ల చక్కెర తగ్గుతుంది" అన్నది ఒక వాక్యం. "ఇన్సులిన్ వేసి ఆహారం ఇవ్వకపోతే చక్కెర మరీ తగ్గుతుంది" అన్నది ఇంకో వాక్యం. ఈ రెంటి మధ్య తేడా అంతా "ఇవ్వకపోతే" అన్న మాటలోనే ఉంది. అందుకే మా తరగతిలో గడుల్లో ఇంగ్లీషు వైద్య పదాలు ఉన్నా, గీతల మీది మాటలు పిల్లకు ఏ భాషలో ఆలోచన వస్తే ఆ భాషలో రాయమంటాం. ఇంగ్లీషు సరిగ్గా రాక మూగబోయిన పిల్లలు ఎందరో ఇక్కడ గొంతు విప్పారు.

ఒక పాదం కథ

మనలో చాలా ఇళ్లలో ఉన్న జబ్బునే తీసుకుందాం. షుగరు ఉన్న అరవై ఏళ్ల వ్యక్తి, అరికాలి మీద మానని పుండు. ఈ పేషెంటు గురించి పటం గీయమంటాం. పటానికి ఒక మూల ప్రశ్న ఉండాలి. లేకపోతే పిల్లలు తెలిసినదంతా కుమ్మరిస్తారు. ఇక్కడ మూల ప్రశ్న: "ఈ పుండు ఎందుకు వచ్చింది, ఎందుకు మానడం లేదు, నర్సుగా నేనేం చేయాలి?"

పైన మధుమేహం. దాని వల్ల రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఒక పక్క నరాలు దెబ్బతింటాయి. నరాలు దెబ్బతింటే పాదంలో స్పర్శ తగ్గుతుంది. స్పర్శ లేకపోతే చెప్పులో రాయి ఉన్నా, బొబ్బ వచ్చినా తెలియదు. అలా పుండు పడుతుంది. ఇంకో పక్క రక్తనాళాలు ఇరుకవుతాయి, కాలికి రక్తం సరిగా అందదు, కాబట్టి పుండు మానదు. మూడో పక్క, చక్కెర ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాలు చురుగ్గా పనిచేయవు, పుండు చీము పడుతుంది. ఇంతవరకు మూడు కొమ్మలు. కష్టపడి చదివిన పిల్ల ఎవరైనా గీస్తుంది.

తేడా ఆ తర్వాత తెలుస్తుంది. చీము పట్టిన పుండు నుంచి ఒక గీత తిరిగి పైకి, "రక్తంలో చక్కెర" గడికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్ ఉంటే శరీరం ఒత్తిడికి లోనై చక్కెర ఇంకా పెరుగుతుంది. చక్కెర పెరిగితే పుండు ఇంకా ముదురుతుంది. ఇలా ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు అడ్డంగా వెళ్లే గీతను అడ్డలింకు అందాం. అది గీసిన పిల్లకు ఈ పేషెంటు డ్రెస్సింగూ, షుగరు చార్టూ వేర్వేరు పనులు కావని అర్థమైనట్టు. గీయని పిల్ల డ్రెస్సింగ్ చక్కగా మార్చి, షుగరు చార్టు వంక చూడకుండా వెళ్లిపోతుంది. అదే పాదానికి ఇంకో గీత ఉంది. స్పర్శ తక్కువ కాబట్టి వేడి తెలియదు, కాబట్టి వేడినీళ్ల సంచి పెట్టకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మార్కులు వేయడం

నొవాక్, గోవిన్ చెప్పిన లెక్క ఇది. సరైన ప్రతిపాదన ఒక్కోదానికి 1 మార్కు. పైనుంచి కిందికి సరిగా అమరిన ఒక్కో అంతస్తుకు 5. అర్థవంతమైన అడ్డలింకు ఒక్కోదానికి 10. ఉదాహరణ ఒక్కోదానికి 1. టీచరు కూడా ఒక పటం గీసి, దాని మార్కులతో పిల్ల మార్కులను పోల్చి శాతం కట్టవచ్చు. ఇందులో సరదా ఏమిటంటే తెలివైన పిల్ల టీచరును దాటిపోయి నూటికి నూటపది తెచ్చుకోవచ్చు.

మా తరగతిలో ఇద్దరమ్మాయిల పటాలు చూడండి. మొదటి అమ్మాయి 19 సరైన ప్రతిపాదనలు రాసింది. కానీ అన్నీ "మధుమేహం" చుట్టూ గుమిగూడాయి, రెండే అంతస్తులు, అడ్డలింకులు లేవు, ఉదాహరణలు 4. మొత్తం 19, 10, 4 కలిపి 33. రెండో అమ్మాయి రాసినవి 13 ప్రతిపాదనలే. అయితే నాలుగు అంతస్తులు, రెండు అడ్డలింకులు, రెండు ఉదాహరణలు. 13, 20, 20, 2 కలిపి 55. కాలేజీ పరీక్షలో మొదటి అమ్మాయిదే పైచేయి. మొదటి అమ్మాయికి చదువు రాదని దీని అర్థం కాదు. ఆమె దగ్గర ఇటుకలన్నీ ఉన్నాయి, గోడ కట్టడం నేర్పితే చాలు. ఏం నేర్పాలో మెమో మాకు చెప్పలేదు, పటం చెప్పింది.

కించిన్, హే, ఆడమ్స్ అనే పరిశోధకులు 2000లో ఇంకో సులువైన చూపు ఇచ్చారు. మార్కుల జోలికి పోకుండా పటం ఆకారం చూడమన్నారు. కొన్ని పటాలు బండి చక్రంలా ఉంటాయి, మధ్యలో కుంభం, చుట్టూ ఆకులు. కొన్ని గొలుసులా ఒకదాని వెనుక ఒకటి సాగుతాయి. కొన్ని వలలా అల్లుకుని ఉంటాయి. చక్రం పాఠం మొదట్లో సహజం. గొలుసు చూడటానికి బాగుంటుంది గానీ ఒక కొక్కెం తెగితే మిగతాదంతా జారిపోతుంది. చిటికెన వేలంత ముడులున్నా వల బరువు మోస్తుంది. మేము చార్టులను గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చూస్తాం. అక్షరాలు కనబడకపోయినా ఎవరిది చక్రమో, ఎవరిది వలో తెలిసిపోతుంది.

ఎర్ర సున్నా

నొవాక్ లెక్కలో మాకు ఒక అభ్యంతరం ఉంది. తప్పు గీతకు ఆయన మార్కు ఇవ్వలేదు, అంతే. తీసివేయలేదు. బడిలో కిరణజన్య సంయోగక్రియ పటంలో ఒక గీత తప్పయితే నష్టం లేదు, రేపు దిద్దుకోవచ్చు. నర్సు తల్లో ఒక గీత తప్పయితే మనిషి పోవచ్చు.

పైన చెప్పిన పాదం పటంలోనే ఒక అమ్మాయి "రక్తప్రసరణ తక్కువ" నుంచి "కాలు చల్లగా ఉంటుంది" అని, అక్కడి నుంచి "వేడినీళ్ల సంచి పెట్టాలి" అని గీసింది. విడిగా చూస్తే ఎంత సబబుగా ఉందో చూడండి! కాలు చల్లగా ఉంటే కాపడం పెట్టడం మన అమ్మమ్మల నుంచి వచ్చిన వైద్యం. కానీ స్పర్శ లేని కాలికి వేడి సంచి పెడితే చర్మం కాలుతున్నా పేషెంటు "అబ్బా" అనడు. పొద్దున్నకు ఇంకో పుండు తయారవుతుంది. ఈ అమ్మాయి పటానికి నొవాక్ లెక్కలో 48 మార్కులు వచ్చాయి. ఆపా ఆ మార్కులు వేయనివ్వలేదు. ఆ గీత చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అది దిద్దేదాకా పటానికి మొత్తం కట్టొద్దన్నారు. అప్పటి నుంచి మా పద్ధతి అదే. ఎర్ర సున్నా ఉన్న పటానికి మార్కుల మొత్తం ఉండదు, అది 20 అయినా 90 అయినా. ఇది ఏ పుస్తకంలోనో చూసి తెచ్చిన నియమం కాదు. కానీ నర్సింగ్‌లో భావనా పటాన్ని పరీక్షగా వాడే ప్రతివారూ ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి చేసుకోవాలని మా గట్టి అభిప్రాయం.

చెప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఆ తప్పు రాత పరీక్షలో బయటపడేది కాదు. "వేడి కాపడం ఉపయోగాలు రాయుము" అంటే ఆ అమ్మాయి సరిగ్గానే రాసేది. తప్పు ఏ ఒక్క గడిలోనూ లేదు, గీతలో ఉంది.

రంజాన్ నెలలో ఒక పటం

ఈ పద్ధతి మన సమాజానికి నేరుగా పనికొచ్చే చోటు ఒకటుంది. షుగరు ఉన్న పెద్దలు చాలామంది డాక్టరుకు చెప్పకుండానే రోజా ఉంటారు. జబ్బుతో ఉన్నవారికి మినహాయింపు ఉందని తెలిసినా మనసొప్పదు. అలాంటి పేషెంటుతో మాట్లాడాల్సింది ఎక్కువగా నర్సే. అందుకని రంజాన్‌కు ముందు నెలలో మూడో సంవత్సరం పిల్లలతో "రోజా ఉండాలనుకునే షుగరు పేషెంటు" అని పటం గీయించాం.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, డయాబెటిస్ అండ్ రమదాన్ కూటమి కలిసి 2016లో దీని మీద మార్గదర్శకాలు వెలువరించాయి. రక్తంలో చక్కెర 70 మి.గ్రా. కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని వాటిలో ఉంది. వేలి చివర గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా భంగం కాదని కూడా పేషెంట్లకు చెప్పమన్నాయి. పిల్లలకు ఈ అంకెలు ఇచ్చాం. పటంలో సెహ్రీ, ఇఫ్తార్, మందు వేళలు, మధ్యాహ్నం తర్వాత చక్కెర తగ్గడం, ఇఫ్తార్‌లో ఖర్జూరం, షర్బత్, పకోడీల తర్వాత అమాంతం పెరగడం అన్నీ వచ్చాయి. ఒకమ్మాయి "తరావీహ్ నమాజు" అని గడి పెట్టి, అక్కడి నుంచి "శారీరక శ్రమ"కూ, అక్కడి నుంచి "చక్కెర తగ్గడం"కూ గీతలు గీసింది. ఆ గీత మేము గీసుకున్న పటంలో లేదు. పది మార్కులు వేసి, ఆపా తన పటంలో కూడా దాన్ని చేర్చుకున్నారు. ఇంటి దగ్గర చూసినదీ కాలేజీలో చదివినదీ కలిసిన చోట ఆ పిల్ల ఎలా వెలిగిపోయిందో చూడాల్సింది!

కేర్ ప్లాన్ సంగతి

నర్సింగ్ విద్యార్థులంతా వార్డులో కేర్ ప్లాన్ రాయాలి. పేషెంటును పరిశీలించడం, సమస్యను గుర్తించడం, ఏం చేయాలో ప్రణాళిక వేయడం, చేయడం, ఫలితం చూడడం అనే అయిదు మెట్లు నిలువు గళ్లలో నింపాలి. ప్రణాళిక మంచిదే. కానీ గళ్లు నింపడం నకలుకు అనువైన పని. సీనియర్ల ఫైళ్లు చేతులు మారుతుంటాయి. ప్యామెలా షుస్టర్ అనే నర్సింగ్ ఉపాధ్యాయురాలు 2002లో వచ్చిన తన పుస్తకంలో ఈ గళ్ల స్థానంలో పటం వాడే పద్ధతి చెప్పారు. మధ్యలో పేషెంటు, ఆస్పత్రికి వచ్చిన కారణం. చుట్టూ సమస్యలు. ఒక్కో సమస్య కింద దానికి రుజువులు. తర్వాత సమస్యలకూ సమస్యలకూ మధ్య గీతలు. నొవాక్ పటంలా పైనుంచి కిందికి కాకుండా ఇది మధ్య నుంచి బయటికి సాగుతుంది. వార్డుకు ఇదే అనువని ఆపా అంటారు. పొద్దున వార్డుకు వెళ్లేముందు పెన్సిలుతో గీసి, పేషెంటును చూశాక మార్పులు నీలం సిరాతో, సాయంత్రం మూడో రంగుతో వేయిస్తే, ఆ రోజు పిల్ల ఏం నేర్చుకుందో రంగులే చెబుతాయి.

పటం లోపాలు కూడా దాతలు తెలుసుకోవాలి. ఒకే పటానికి ఇద్దరు టీచర్లు ఒకే మార్కులు వేస్తారని హామీ లేదు. రూయిజ్-ప్రిమో, షావెల్సన్ 1996లో ఈ సంగతి విపులంగా చర్చించారు. పిల్లకు ఏ పని ఇచ్చాం, జవాబు ఏ రూపంలో తీసుకున్నాం, మార్కులు ఏ లెక్కన వేశాం అన్న మూడూ ఖరారు కానిదే పటాన్ని పరీక్షగా వాడకూడదని వారి వాదన సారాంశం. మేము ఇద్దరం విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన గీతల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటాం. వాదన కూడా పడుతుంది. ఒక పటం దిద్దడానికి ఇరవై నిమిషాలు. అరవై మంది ఉన్న తరగతికి ఒక ట్యూటర్ ఉంటే ఇది ఎలా సాధ్యమని ఎవరైనా అడిగితే మా దగ్గర మంచి జవాబు లేదు. సగం గడులు ఖాళీగా ఉంచిన పటం ఇచ్చి నింపమంటే త్వరగా దిద్దవచ్చు, కానీ అందులో పిల్ల ఆలోచన సగమే కనిపిస్తుంది.

అమెరికాలో బార్బరా డేలీ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో నర్సింగ్ విద్యార్థులు మొదట గీసిన పటాలకన్నా చివర గీసిన పటాలకు మార్కులు బాగా పెరిగాయి. ఇది ఆశ కలిగించే సంగతే. అయితే ఆ పెరుగుదలలో ఆలోచన ఎంత, పటం గీయడంలో చేయి తిరగడం ఎంత అని మేము అనుమానంగానే చూస్తాం. పటాన్ని కూడా బట్టీ పట్టవచ్చు. మన పిల్లల సంగతి మాకు తెలుసు! అందుకే ప్రతిసారీ కొత్త పేషెంటును ఇస్తాం. పది పదిహేను భావనల చీటీలు అప్పటికప్పుడు చేతికిచ్చి అమర్చమంటాం. నిఖా శుభలేఖల వెనుకవైపు ఖాళీగా ఉంటుంది కదా, వాటినే కత్తిరించి చీటీలు చేశాం. కంప్యూటర్ మీద గీయడానికి సీమ్యాప్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది గానీ, చీటీలు జరుపుకుంటూ పిల్లలు గొడవపడుతుంటే వచ్చే చదువు దానిలో రాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, పటం చేతిని పరీక్షించదు. నరంలోకి సూది ఎక్కించడం, చేతులు కడుక్కోవడం, ఏడుస్తున్న బిడ్డ తల్లితో నెమ్మదిగా మాట్లాడటం వార్డులో నిలబడి చూడాల్సినవి. ఎంత అందమైన వల గీసిన పిల్లకైనా ఆ పరీక్ష వేరే ఉంది. పటాన్ని మెమో స్థానంలో పెట్టమని మేము అనడం లేదు, మెమో పక్కన పెట్టమంటున్నాం.

సొసైటీ నుంచి ఏం కావాలి

ఇప్పుడు వచ్చేది 14 మంది అమ్మాయిలు. ఈ ఏడాది స్కాలర్‌షిప్‌కు ఎంపికైన అందరూ వస్తే ఒక్క ఆపా సరిపోరు. మన ఊళ్లో పదవీ విరమణ చేసిన స్టాఫ్ నర్సులు, ట్యూటర్లు మీ ఇళ్లలో, మీ బంధువుల్లో ఉంటే, నెలకు రెండు ఆదివారాలు ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు, జుహర్‌కు లేచేలా, రాగలరేమో అడగండి. వారికి రానుపోను ఆటో ఛార్జీలు సొసైటీ భరించాలని కార్యవర్గానికి రాసి ఇచ్చాం. చార్టులు, స్కెచ్ పెన్నుల ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. ఒక పెద్ద బ్లాక్‌బోర్డు మాత్రం కావాలి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి ఒక్కో అమ్మాయివి రెండేసి పటాలు, ఏడాది మొదట గీసినదీ, చివర గీసినదీ, మార్కుల మెమోతో కలిపి ఫైల్లో పెట్టి హాలు వెనుక బల్ల మీద ఉంచుతాం. నమాజు విరామంలో ఎవరైనా చూడవచ్చు. ఎర్ర సున్నాలు కూడా చెరపకుండా అలాగే ఉంటాయి, దిద్దిన తేదీతో సహా. పటాల మీద పేర్లు ఉండవు, వరుస నంబర్లే ఉంటాయి.